పడమటి అద్దాలకు 20 శాతం ఫిల్మ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎండ తగ్గడానికి కిటికీ అద్దాలకు అంటించే ఫిల్మ్ అమ్మేవాళ్లు ముందు చెప్పేది ఎంత వేడి ఆపుతుందన్నది. స్క్రీన్ మీద వెలుగు కొట్టడం తగ్గాలంటే ఆ అంకె చాలదు. అడగాల్సింది వీఎల్‌టీ, అంటే అద్దంతో కలిపి లోపలికి వచ్చే వెలుతురు ఎంత శాతమని. 6 మి.మీ. మామూలు తెల్ల అద్దం 88 శాతం దాకా వదులుతుంది. వీఎల్‌టీ 70 శాతం ఉండే సిరామిక్ ఫిల్మ్ వేడి బాగానే ఆపినా, స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. 35 శాతానిది వేస్తే వెలుతురు 60 శాతం తగ్గుతుంది, 20 శాతానిదైతే 77.

హైదరాబాద్‌లో మా ఆఫీసు పడమటి వైపు ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 35 వేసిన చోట మూడు దాటితే బ్లైండ్లు దించక తప్పడం లేదు. 20 వేసిన చోట నాలుగున్నర దాకా పని హాయిగా సాగుతుంది. తర్వాత సూర్యబింబమే నేరుగా కంట్లో పడుతుంది, డిసెంబరు, జనవరిలో ఇంకా ముందే. 5 శాతం ఫిల్మ్ కూడా దాన్ని ఆపదు. ఫిల్మ్ వేశాం కదా అని బ్లైండ్లు తీసేయకండి.

ఇంకో లెక్క చూడండి. ఎండలో మెరిసే తెల్ల మబ్బు సుమారు 10,000 నిట్స్ (వెలుగు తీవ్రతకు కొలత). 20 శాతం ఫిల్మ్ వెనక నుంచి చూసినా 2,000. మానిటర్ వెలుగు 250, 300. అందుకే కిటికీ మానిటర్‌కి ఎదురుగానో వెనకనో కాకుండా పక్కకు వచ్చేలా బల్ల తిప్పాలి. ఈ పనికి పైసా ఖర్చు లేదు, ముందు ఇదే చేయండి.

రాత్రి షిఫ్టులుంటే అద్దంలా మెరిసే మామూలు రిఫ్లెక్టివ్ ఫిల్మ్ వద్దు. చీకటి పడగానే అద్దమంతా లోపలి ట్యూబులైట్లతో నిండిపోతుంది, అవే మళ్లీ స్క్రీన్‌లో కనిపిస్తాయి. లోపలి వైపు మెరుపు తక్కువుండే డ్యూయల్ రిఫ్లెక్టివ్ తీసుకోండి. చవక రంగు ఫిల్మ్ ఎండకు ఊదాగా మారుతుంది.

రెండు పొరల అద్దాలైతే జాగ్రత్త. వేడిని పీల్చుకునే ఫిల్మ్ లోపల అంటిస్తే అద్దం మధ్య భాగం కాగుతుంది, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉండిపోతుంది, పగులు అంచు దగ్గరే మొదలవుతుంది. ఆ అద్దానికి సరిపడుతుందని కంపెనీ రాతపూర్వకంగా ఇస్తేనే వేయించండి.

అంటించేటప్పుడు చుట్టూ 1, 2 మి.మీ. ఖాళీ వదలాలి, ఫ్రేముకు తగిలితే అక్కడే లేస్తుంది. మొదటి నెల నీటి బుడగలు, మసక ఉంటాయి, ఆరిపోతాయి. గట్టిగా గింజలా తగిలేది మాత్రం దుమ్ము, అది పోదు, ఆ రోజే మార్పించుకోవాలి. నెల దాకా తుడవొద్దు. తర్వాత కూడా అమ్మోనియా ఉన్న ద్రావణం వద్దు. మా దగ్గర రెండు అద్దాల కింది అంచులు దానివల్లే లేచాయి. బకెట్ నీళ్లలో కాస్త షాంపూ, మెత్తని గుడ్డ చాలు.

కొనేముందు 35, 20 శాతాల ముక్కలు ఏ4 కాగితమంత అడిగి తెచ్చి, ఎక్కువ ఇబ్బంది పడే సీటు ఎదుట అద్దానికి టేపుతో అంటించి, రెండు సాయంత్రాలు అక్కడే కూర్చుని చూడండి.