1981 నాటి కాటలీనా 22: బాగుచేసుకుని, ఏడేళ్ళు నడిపాక

డాలస్‌కు ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ సరస్సులో 2018 మే నుంచి నేను నడుపుతున్న తెరచాప పడవ 1981లో తయారైన కాటలీనా 22. కొన్నప్పుడు అది ఒకరి పెరట్లో, ట్రైలర్ మీదే, తొమ్మిదేళ్ళుగా కదలకుండా పడి ఉంది. పైన కప్పిన టార్పాలిన్ పీలికలైపోయి, క్యాబిన్‌లో చీలమండ మునిగేంత వాననీరు నిలిచి, పరుపులు నల్లగా బూజుపట్టి ఉన్నాయి. దానికి నేను 900 డాలర్లు ఇచ్చాను. అప్పటికి నేను చుక్కాని పట్టి ఎరగను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్ళు కొందరు ఈ మధ్య ఇలాంటి పాత పడవల ప్రకటనలు చూపించి కొనవచ్చా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, ఏడు సీజన్లు నడిపాక ఈ పడవ గురించి నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా పడవ సంగతి. కాటలీనా 22ను రూపొందించినది కాలిఫోర్నియాలో కాటలీనా యాట్స్ సంస్థను స్థాపించిన ఫ్రాంక్ బట్లర్. 1969లో మొదలైన ఈ నమూనా పడవలు 15,000కు పైగా తయారయ్యాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఈ సంఖ్యే అన్నిటికన్నా పెద్ద అండ. నలభై ఏళ్ళు దాటిన పడవకు కూడా కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగే బరువైన దిమ్మ) వేలాడే పిన్ను, చుక్కాని బిగింపులు, కిటికీ రబ్బర్లు సరిగ్గా సరిపోయే కొలతల్లో ఈనాటికీ కొత్తవి దొరుకుతాయి. మీకు వచ్చిన సమస్య అంతకుముందే ఎవరికో వచ్చి, దానికి విరుగుడు తేలి ఉంటుంది. ఇంతకన్నా అందమైన పడవలు అదే ధరకు దొరుకుతాయి గాని, పట్టుమని రెండు వందలు కూడా తయారుకాని పడవలో ఒక చిన్న భాగం విరిగితే దాన్ని మీరే చేయించుకోవాలి. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, బరువు సుమారు 1,020 కిలోలు. నాది కీల్ పైకి ముడుచుకునే రకం కాబట్టి, కీల్ పైకి లాగితే రెండడుగుల నీటిలో తేలుతుంది, దించితే ఐదడుగుల లోతు కావాలి.

ఇంటికి తెచ్చుకునే దారిలోనే మొదటి దెబ్బ తగిలింది. టైర్లు బాగున్నాయని అమ్మినవారు చెప్పారు, వాటి మీది గాడులు నిజంగానే అరగలేదు. హైవే మీద పన్నెండు మైళ్ళు వచ్చేసరికి ఎడమ టైరు పేలిపోయింది. అరుగుదలకన్నా వయసే టైరును ముందు చంపుతుందని ఆ రోజు తెలిసింది. అమెరికాలో ప్రతి టైరు పక్కన అచ్చువేసిన సంఖ్యల్లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్నీ, సంవత్సరాన్నీ చెబుతాయి. నా టైరు మీద 2304 అని ఉంది, అంటే 2004లో ఇరవై మూడో వారం. పడవ చూడటానికి వెళ్ళినప్పుడు ముందు వంగి ఆ అంకెలు చదవండి. చక్రాల బేరింగులు కూడా విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టేదాకా దూరప్రయాణం పెట్టుకోవద్దు.

పడవ ఇంకా మరమ్మతులో ఉండగానే, 2017 మార్చిలో మా అమ్మా నాన్నా వచ్చారు. నాన్నగారు అప్పటి తూర్పు గోదావరిలో తాళ్ళరేవు పక్కన పెరిగినవారు. అక్కడా కోరంగిలోనూ చెక్క పడవలు కట్టడం తరతరాలుగా ఉన్న పని. పలకల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం నూనెతో కలిపి పూయడం ఆయన చిన్నప్పుడు రోజూ చూసినదే. ఫైబర్‌గ్లాస్ పడవను మాత్రం ఆయన అదే మొదటిసారి తాకడం. నేను అడుగుభాగంలో చిల్లులకోసం వెతుకుతుంటే ఆయన చెప్పులు విప్పి డెక్కు మీదికెక్కి, వేలి మెటికతో అడుగడుగునా తట్టుకుంటూ వెళ్ళారు. తెరచాప కొయ్య నిలబెట్టే చోటికి వచ్చేసరికి ఆగి, "ఇక్కడ చప్పుడు మారింది చూడరా. దీనికి నీళ్ళు కిందనుంచి రాలేదు, పైనుంచి దిగాయి" అన్నారు. స్క్రూడ్రైవర్ పిడితో నేనూ కొట్టి చూశాను. గట్టి చోట టక్కుమని తిరిగివస్తున్న శబ్దం, అక్కడ తడి అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా వినిపించింది.

ఆయన అన్నదే నిజమైంది. ఈ పడవ డెక్కుకు పైనొకటి, కిందొకటి ఫైబర్‌గ్లాస్ పొరలుండి, మధ్యలో ప్లైవుడ్ ముక్కలు ఉంటాయి. డెక్కుకు బిగించిన ప్రతి బోల్టూ ఆ ప్లైవుడ్‌ను తొలుచుకుని పోతుంది. కాలం గడిచి సీలెంటు ఎండి బిగుసుకున్నాక, బోల్టు పక్కనుంచి వాననీరు చుక్కచుక్కగా దిగి, బయటికి దారిలేక చెక్కలో నిలిచిపోతుంది. సముద్రపు ఉప్పునీరు కొంతవరకు చెక్కపుచ్చును ఆపుతుంది, వాననీటికి ఆ గుణం లేదు. అందుకే సముద్రంలో తిరిగిన పడవకన్నా పెరట్లో నోరు తెరుచుకుని కూర్చున్న పడవ డెక్కు ఎక్కువగా చెడిపోయి ఉండవచ్చు. కొనేముందు ఎవరూ చేయని పరీక్ష ఇదే, ఖర్చులేని పరీక్ష కూడా ఇదే: ఒక అరగంటసేపు డెక్కంతా తట్టి వినండి. మెత్తబడిన చోట చుట్టూ సుద్దతో గీత గీయండి. గీతల లోపలి భాగం డెక్కులో నాలుగో వంతు దాటితే, ధర ఎంత తక్కువైనా ఆ పడవను వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

నా పడవలో రెండు చోట్ల పై పొరను కోసి తీయాల్సి వచ్చింది. లోపలి ప్లైవుడ్ తడి కాఫీ పొడిలా చెంచాతో వచ్చేసింది. దాన్ని తోడి, ఆరబెట్టి, కొత్త ముక్కను ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికించి, పై పొర తిరిగి మూయడానికి ఆరు వారాంతాలు పట్టింది. ఇక్కడ ఒక హెచ్చరిక. జూన్ మధ్యాహ్నం 37 డిగ్రీల ఎండలో నేను ఎపాక్సీని లోతైన డబ్బాలో ఒకేసారి కలిపాను. పది నిమిషాల్లో అది చేతిలోనే వేడెక్కి, పొగలు కక్కి, గాజురాయిలా గట్టిపడింది. కలిపిన రెండు ద్రవాల రసాయన చర్యలోనే వేడి పుడుతుంది, లోతైన పాత్రలో ఆ వేడికి బయటపడే దారి ఉండదు. టెక్సస్ వేసవిలో నెమ్మదిగా గట్టిపడే రకమే కొనండి, పొద్దున్నే ఎనిమిదిలోపు పని ముగించండి, వెడల్పాటి పళ్ళెంలో కొంచెం కొంచెంగా కలపండి. మిగిలిన బోల్టులన్నీ ఒకటొకటిగా విప్పి, రంధ్రాన్ని పెద్దది చేసి ఎపాక్సీతో నింపి, దాని మధ్యలో మళ్ళీ తొలిచి, బ్యుటైల్ టేపుతో (నీరు దిగకుండా ఆపే మెత్తని జిగురు పట్టీ) బిగించాను. ఇలా చేస్తే ఎప్పుడైనా నీరు దిగినా అది చెక్కను తాకదు. ఏడేళ్ళలో ఒక్క బోల్టు దగ్గర కూడా తడి కనిపించలేదు. నా పనిలో నేను పూర్తి మార్కులు వేసుకునేది దీనికే.

ఇక కీల్. పడవ కొత్తవారి చేతిలో ఉండగా ప్రాణానికి సంబంధించిన భాగం ఇదే. సుమారు 250 కిలోల పోత ఇనుప దిమ్మ, అంగుళం మందం ఉన్న ఒక్క పిన్ను మీద వేలాడుతూ, క్యాబిన్ మెట్టు కింద ఉన్న విన్చ్‌తో (పిడి తిప్పితే తీగను చుట్టుకునే సాధనం) ఒక ఉక్కు తీగ ద్వారా పైకీ కిందికీ కదులుతుంది. పిన్ను అరిగితే అలలకు కీల్ అటూ ఇటూ కొట్టుకుని లోపల దడదడమని చప్పుడు వస్తుంది. పాత యజమానులు చాలామంది ఆ చప్పుడుకు అలవాటుపడిపోతారు. నేను పడవను చెక్కదిమ్మెల మీద పైకి లేపి, కింద చక్రాల బల్ల ఒకటి చేసి పెట్టి, కారు జాకీతో కీల్‌ను అంగుళం అంగుళంగా దానిమీదికి దించాను. ఈ పని ఒంటరిగా చేయవద్దు, పడవ కింద తలగాని, చెయ్యిగాని పెట్టి చేయవద్దు. పిన్ను బయటికి వచ్చాక చూస్తే, కీల్ వేలాడిన చోట వేలిగోరు దిగేంత గాడి పడి ఉంది. దాన్ని మార్చకుండా నీటిలో దింపి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ ఇష్టం లేదు.

ఇనుము మీది తుప్పును గ్రైండర్‌తో తెల్లగా మెరిసేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ పూయాలి. మొదటిసారి పొద్దున గీకి, భోజనం చేసి, సాయంత్రం పూయడానికి వెళ్ళేసరికి మెరుపంతా పోయి పసుపుపచ్చని పొడి అలుముకుని ఉంది. మళ్ళీ మొదటినుంచి గీకవలసి వచ్చింది. గీకిన గంటలోపే మొదటి పూత పడాలి. ఉక్కు తీగను ఈ ఏడేళ్ళలో రెండుసార్లు మార్చాను. పడవ వేగం అందుకున్నప్పుడు ఆ తీగ నీటిలో తంబూరా తీగలా మోగుతుంది. మొదట భయపడ్డాను గాని అది ఈ పడవ స్వభావమే, దోషం కాదు. విన్చ్ పిడిని మాత్రం ఎప్పుడూ వదలకండి, బరువు మీద అది వెనక్కి తిరిగితే చేతి ఎముక విరుగుతుంది. కీల్ తీగ పడవలోకి వచ్చే చోట ఒక రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు ఉంటాయి. ఆ గొట్టం చీలితే సరస్సు నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. ఇరవై డాలర్లు కూడా కాని ఆ భాగాన్ని ఏ స్థితిలో ఉన్నా సరే, మొదటి రోజే మార్చేయాలి. సింకు కింద ఉండే పాత ఇత్తడి గేటు వాల్వులకూ అదే మాట.

కొయ్యను నిలబెట్టే స్టెయిన్‌లెస్ తీగలు పైకి మెరుస్తూనే, చివర బిగింపుల దగ్గర సన్నని పగుళ్ళు పెట్టుకుంటాయి. దూదిని తీగ వెంబడి జార్చితే తెగిన పోగు దగ్గర అది చిక్కుకుంటుంది. నాకు రెండు చోట్ల చిక్కుకుంది, అందుకే మొత్తం తీగలన్నీ మార్చాను. కొయ్య పాతికడుగులు ఉంటుంది కాబట్టి, నిలబెట్టేముందు తల పైకెత్తి కరెంటు తీగలు లేవని ప్రతిసారీ చూసుకోవాలి.

కాగితాల విషయంలో తొందరపడి డబ్బు చేతికివ్వకండి. టెక్సస్‌లో పధ్నాలుగు అడుగులూ అంతకుమించిన తెరచాప పడవలకు రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర టైటిలు (యాజమాన్య పత్రం) ఉండాలి, వెనక తగిలించే మోటారుకు వేరే టైటిలు కావాలి. ట్రైలర్ సంగతి మళ్ళీ వేరు. నాకు పడవ కాగితం దొరికింది గాని, మోటారుది పాత యజమాని పేరుమీదకు ఎప్పుడూ మారలేదని తర్వాత తెలిసి, దాన్ని సరిచేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

బాగుచేస్తున్న కాలంలోనే నేను అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ వారి 101 అనే ప్రాథమిక తరగతి పూర్తిచేశాను. అది చేయకముందు ఏ తాడు ఎందుకుందో తెలియక మూడు బిగింపులు తప్పుచోట పెట్టి, తర్వాత మళ్ళీ తీసి పెట్టుకున్నాను. ముందు వేరొకరి పడవలో ఒక సీజన్ నేర్చుకుని, ఆ తర్వాతే సుత్తి పట్టుకుంటే నా పనిలో మూడో వంతు తగ్గేది.

నీటిమీద ఈ పడవ ఓర్పు గలది. లూయిస్‌విల్ సరస్సులో వసంతమంతా దక్షిణపు గాలి జోరుగా వీస్తుంది, ఉదయం మెల్లగా మొదలై మధ్యాహ్నానికి విసురుగా మారుతుంది. గంటకు 15 మైళ్ళ గాలి దాటగానే చుక్కాని బరువెక్కి, పడవ ముక్కు గాలివైపు తిరగాలని లాగుతుంది. అప్పుడు పెద్ద తెరచాపను కుదించి కడితే వెంటనే కుదుటపడుతుంది, వేగం కూడా పెద్దగా తగ్గదు. ఇది తెలియని మొదటి వేసవిలో చేతులు వాచిపోయేదాకా చుక్కానితో పెనుగులాడాను. గాలి ఎక్కువున్న రోజు కీల్ పూర్తిగా దించి, దాన్ని బిగించే బోల్టు బిగించి, క్యాబిన్ తలుపు చెక్కలు మూసి ఉంచాలి. ఒరిగినప్పుడు నీరు లోపలికి దిగితే ఈ పడవ మునిగే ప్రమాదం ఉంది. గాలి బాగా తగ్గిన రోజు మాత్రం ఇది బద్ధకంగా ఉంటుంది, పాత తెరచాపలతో మరీను. నాలుగో ఏడు కొత్త పెద్ద తెరచాప కొన్నాక గాలికి ఎదురుగా వెళ్ళే కోణంలో వచ్చిన తేడా చూసి, రంగులకు ఖర్చుపెట్టిన డబ్బు ముందే దీనికి పెట్టవలసిందని అనిపించింది.

పడవను నీటిలో వదలకుండా ట్రైలర్ మీదే ఉంచుతాను. 2013 నుంచి ఈ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు ఉన్నాయి, నీటిలో వదిలిన పడవ కీల్ సందులోకి అవి చేరితే గీకి తీయడం నరకం. బయటికి తీసిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టాలి, లోపలి నీరంతా వదిలేయడమైతే టెక్సస్‌లో చట్టం కూడా.

ఖర్చు లెక్క దాచకుండా చెబుతాను. పడవ 900. టైర్లూ బేరింగులూ 340, కీల్ పని 520, తీగలు 610, ఎపాక్సీ, ప్లైవుడ్, టేపు 480, రంగు 390, మోటారు మరమ్మతు 450. నీటిలో దించేనాటికి 3,690 డాలర్లు, పద్దెనిమిది నెలలు. తర్వాత తెరచాపకు మరో 1,100 పెట్టాను. అదే సమయంలో మా సరస్సులోనే, ఒక్క లోపం లేకుండా నడుస్తున్న ఇదే నమూనా పడవ ఒకటి 4,200కు అమ్ముడుపోయింది. వారాంతాల్లో నీటిమీద ఉండటమే కావలసినవారు అలాంటిదే కొనుక్కోవాలి. పాత పడవలో డబ్బు మిగలదు. చేతితో పని చేయడం ఇష్టమైనవారికీ, పడవలో ప్రతి బోల్టు వెనక ఏముందో తెలిసి ఉండాలనుకునేవారికీ మాత్రమే ఈ దారి సరిపోతుంది. నేను ఆ రెండో రకం. తుఫాను మేఘం కనిపించి ఒడ్డుకు మళ్ళినప్పుడు కీల్ గురించి నాకు అనుమానం రాదు, ఎందుకంటే దాన్ని బిగించినది నేనే.

మొన్న డిసెంబరులో కీల్ మళ్ళీ దించి పిన్ను కొలిచాను. అంగుళం పిన్ను, అంటే 25.4 మిల్లీమీటర్లు, అరిగిన చోట 25.1 వచ్చింది. కొత్త పిన్ను తెప్పించి ఉంచాను. మార్చిలో నాన్నగారు మళ్ళీ వస్తున్నారు, డెక్కు తట్టే పని ఆయనకే వదిలేసి, పిన్ను నేను మారుస్తాను.