కౌన్సెలర్‌కి ఐదు స్టార్లు, యాప్‌కి ఒకటే

చిన్నప్పుడు అమ్మానాన్నలు పట్టించుకోని వాళ్ల కోసమని చెప్పుకునే ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్వీస్ వాడాను, పేరు రాయను. వీడియో కాల్‌లో కౌన్సెలర్ ఉంటారు, దాంతోపాటు యాప్‌లో మనమే చేసుకునే కోర్సు ఒకటి ఇస్తారు.

కోర్సు సంగతే ముందు చెప్తా, కోపమంతా దాని మీదే. పాఠాలన్నీ అయ్యాక చివర్లో "నేను క్షమించాను" అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితేనే కోర్సు పూర్తయినట్టు! "ఎంతైనా కన్నవాళ్లు కదా" అని చుట్టాలు ఎప్పుడూ అనే మాటే, కాకపోతే ఇక్కడ మంచి బొమ్మలు వేసి చెప్తారు.

కొట్టారనో తిట్టారనో అయితే ఫలానా రోజు ఇలా జరిగిందని చెప్పుకోవచ్చు, పట్టించుకోకపోతే చూపించడానికి ఏముంటుంది, జ్వరమొస్తే ఎవరూ నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు, స్కూల్ మీటింగ్‌కి ఎవరూ రాలేదు, అంతే. ఏం జరిగిందో మనకే సరిగ్గా తెలియనప్పుడు దేన్ని క్షమించాలి? కౌన్సెలర్ మాత్రం ఇక్కడే ఆగింది, తొందరపెట్టలేదు. చిన్ననాటి కష్టాల మీద అమెరికాలో చేసిన ఏసీఈ అధ్యయనం గురించి చెప్పింది: 1998లో వచ్చిన మొదటి పేపర్‌లో హింస, ఇంట్లో తాగుడు లాంటివి లెక్కలోకి తీసుకున్నారు గానీ నిర్లక్ష్యాన్ని విడిగా లెక్కపెట్టలేదు, తర్వాతి విడతలో చేర్చారు. పరిశోధకులకే ముందు ఆ లెక్క లేదంటే నాకు ఇన్నేళ్లు పట్టడంలో వింతేం లేదనిపించింది.

క్షమించడం వేరు, మళ్లీ కలిసిపోవడం వేరు అని కూడా ఆవిడే విడమరిచి చెప్పింది. దీని మీద దశాబ్దాలుగా పనిచేసిన రాబర్ట్ ఎన్‌రైట్ అనే సైకాలజిస్టూ ఇదే అంటారట. అమ్మకి డిప్రెషన్ ఉండి ఉండొచ్చు, నాన్నకి ఇంటికొచ్చే తీరికే లేకపోయి ఉండొచ్చు, అవి తెలిస్తే కోపం కొంత దిగుతుంది, నిజమే. అయినా "అవును, మేం చూసుకోలేదు" అని వాళ్లు ఒక్కసారైనా ఒప్పుకోకుండా పిల్లలే ముందు క్షమించెయ్యాలంటే నేను ఒప్పుకోను. క్షమించాలనిపించిన వాళ్లు క్షమించనీ, అది వాళ్లిష్టం, దానికి గడువు పెట్టడానికి యాప్ ఎవరు?

కోర్సు లేకుండా కాల్స్ మాత్రమే బుక్ చేసుకోవచ్చు, ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల దాచారు, వెతుక్కోండి. అమ్మానాన్నలతో కలిసి ఉంటున్నవాళ్లైతే ముందు నోటిఫికేషన్లు ఆపేయండి, "ఈ రోజు నాన్నని క్షమించారా?" అని లాక్ స్క్రీన్ మీదే పడుతుంది.