బ్లాక్ టై పార్టీకి టక్సీడోనా, బంద్‌గలానా?

అమెరికాలో సహోద్యోగి పెళ్ళి, లండన్‌లో కంపెనీ వార్షిక విందు, క్రూజ్‌లో ఫార్మల్ నైట్... పిలుపు ఎక్కడిదైనా కార్డు అడుగున "బ్లాక్ టై" అనే దుస్తుల షరతు కనబడగానే మగవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. ఆఫీసు సూటుకి నల్ల టై తగిలించుకుంటే సరిపోదు. వాళ్ళు అడిగేది టక్సీడో, అంటే బో టైతో వేసుకునే రాత్రి విందుల సూటు. మన వైపు నుంచి దానికి దీటుగా నిలబడేది మెడ దాకా గుండీలుండే నల్ల కోటు, బంద్‌గలా.

లండన్‌లో దర్జీల వీధి సావిల్ రోలో హెన్రీ పూల్ దుకాణంవాళ్ళు 1865లో వేల్స్ యువరాజుకి కుట్టిచ్చిన పొట్టి కోటు టక్సీడోకి మూలమంటారు. న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ నుంచి ఆ పేరు వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నాక నియమాలు ఎందుకు తక్కువుంటాయి? కోటు ల్యాపెల్ (ఛాతీ మీద మడిచిన అంచు) మీద మెరిసే శాటిన్ గుడ్డ, ప్యాంటు పక్కన నిలువునా శాటిన్ పట్టీ ఉండాలి. బెల్టు పెట్టకూడదు, భుజాల మీదుగా ప్యాంటుని పట్టే సస్పెండర్లే. తెల్ల చొక్కాకి మడిచే కఫ్‌లు, వాటికి గుండీల బదులు కఫ్‌లింకులు. బో టై చేత్తో కట్టుకోవాలి, రెడీమేడ్‌ది క్లిప్పు పెట్టుకుంటే తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. వెస్ట్‌కోటు లేదా నడుముకి చుట్టే మడతల పట్టీ, కమర్‌బంద్. కమర్‌బంద్ మడతలు పైకి తెరుచుకునేలా కట్టాలి. (మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులే దాన్ని ఇక్కడ చూసి పట్టుకెళ్ళారు.) రంగు నలుపే కానక్కర్లేదు. ముదురు నీలం రాత్రి దీపాల కింద నలుపు కంటే నల్లగా కనిపిస్తుంది.

అద్దెకి దొరుకుతుంది కదా అనొచ్చు. దొరుకుతుంది, చవకే. ప్యాంటు పొడవు, చేతుల పొడవు సర్దిస్తారు కూడా. భుజాలు మాత్రం సర్దడం కుదరదు. భుజం జారిన కోటు ఎంత ఖరీదైనదైనా అరువు కోటులాగే ఉంటుంది.

బంద్‌గలా దగ్గర ఈ తలనొప్పులు సగానికి సగం ఉండవు. మెడ దాకా మూసుకుంటుంది కాబట్టి చొక్కా, బో టై, కఫ్‌లింకుల లెక్క అడిగేవాళ్ళుండరు. సెలవులకి ఊరొచ్చినప్పుడు మంచి టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకుంటే ఒంటికి అతికినట్టు ఉంటుంది. తర్వాత ఇక్కడి రిసెప్షన్లకీ పనికొస్తుంది. కొనుక్కున్న టక్సీడో మాత్రం బీరువాలోనే పడుంటుంది.

మరి ఒప్పుకుంటారా? బ్లాక్ టై కంటే ఒక మెట్టు పైదైన వైట్ టై వేడుక నోబెల్ ప్రదానం. అక్కడ కూడా జాతీయ దుస్తులకి అనుమతి ఉంది. 2019లో ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ పంచె మీద నల్ల బంద్‌గలా వేసుకుని, ఆయన భార్య ఎస్తేర్ డుఫ్లో చీర కట్టుకుని బహుమతి అందుకున్నారు. 2023 ఆస్కార్‌కి జూనియర్ ఎన్టీఆర్ భుజాన బంగారు పులి కుట్టిన నల్ల వెల్వెట్ బంద్‌గలాలో వెళ్ళారు. ఆ పులి తారలకి చెల్లుతుంది. మనకి సాదా ఊలు గుడ్డ, ముదురు గుండీలు, అదే రంగు ప్యాంటు, నల్ల బూట్లు చాలు. బంద్‌గలా అంటూ జరీ షేర్వానీ, మెడలో దుపట్టా, మోజడీ చెప్పులతో దిగితే పప్పులో కాలేసినట్టే. అక్కడ పెళ్ళికొడుకు వేరే ఉంటాడు.

అందుకే నా ఓటు బంద్‌గలాకి. ఒక్క సందర్భంలో మాత్రం టక్సీడోయే వేసుకోండి: పెళ్ళికొడుకు పక్కన తోడుగా వరసలో నిలబడాల్సి వస్తే. అక్కడ అందరూ ఒకేలా ఉండాలనే అడుగుతారు. కార్డు మీద "బ్లాక్ టై ఆప్షనల్" అని ఉంటే ఈ గొడవంతా అక్కర్లేదు, ఉన్న ముదురు రంగు సూటుతో వెళ్ళిపోవచ్చు.

ఆడవాళ్ళకి గౌనా, చీరా అన్న ప్రశ్నే తేలిక. నేలని తాకే దుస్తులు కావాలంటారు, చీరకి అది పుట్టుకతోనే ఉంది. గద్వాల్, ఉప్పాడ పట్టు నిశ్చింతగా కట్టుకోవచ్చు. వడ్డాణం, కాసులపేరు ఇంట్లో పెట్టి మంచి జత చెవి కమ్మలతో వెళ్తే ఇంకా బాగుంటుంది. భోజనం తర్వాత డాన్స్ ఉందని తెలిస్తే మాత్రం పైటకి, కుచ్చిళ్ళకి గట్టి పిన్నులు పెట్టుకోండి. డాన్స్ మీద మరీ మోజుంటే గౌనే సుఖం.