పిట్టల గింజల డబ్బా రెండేళ్ల వాడకం: తప్పు పట్టింది మా పాప లెక్క

తిరుపతిలో మాది మిద్దె ఇల్లు, వెనక వేపచెట్టు ఉండాది. వేలాడగట్టే ప్లాస్టిక్ గింజల డబ్బా ఆన్‌లైన్లో తెప్పించి రెండేళ్లయింది. మొదటి నెల్లో కనబడినోళ్లందరికీ కొనండి కొనండి అని చెప్పినాను, ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించాల.

నాకు బాగా నచ్చింది దాని ముందర పిలకాయలు కూర్చుని లెక్క రాయడం. మొదట్లో మా బాబు వచ్చిన ప్రతి పిచ్చుకకీ గీత గీసి ఒక్క పొద్దునకే 46 అన్నాడు, అవే పోయి అవే వస్తాయని వాడికి తెలీదు కదా. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని మామూలు జనాలే పిట్టల్ని లెక్కబెట్టే కార్యక్రమం జరుగుతుంది, 1998లో అమెరికాలో మొదలై 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు, దాంట్లో కనీసం 15 నిమిషాలు చూడాలంటారు. మేమూ రోజూ అంతసేపే పెట్టుకున్నాం, ఆ టైంలో ఒకేసారి ఎక్కువ ఎన్ని కనబడితే అదే రాయాల. 46 కాస్తా 9 అయింది, వాడు రెండ్రోజులు అలిగినాడు.

పోయిన నవంబర్లో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. పాప పుస్తకంలో పిచ్చుకలు 9, 7, 2, సున్నా. వానకి రావట్లేదులే అన్నాను. ఎండ కాసినాక కూడా సున్నానే రాసి, "అమ్మా, అవి ఎదురింటి గోడ మీదనే ఉండాయి, మన దగ్గరికే రావట్లా" అనింది. దించి చూస్తే పైన సజ్జలు బాగానే ఉండాయి, అడుగున మాత్రం నీళ్లు దిగి గింజ ఉబ్బి, మొలకొచ్చి, బూజు పట్టి ఉండ కట్టింది, మూత తీస్తే పులిసిన వాసన. బూజు గింజలు తింటే పిట్టలకి జబ్బు చేస్తుంది, నాకు ప్రాణం ఉసూరుమనింది. నీళ్లు పోయేదానికి అడుగున ఒక్క బొక్క కూడా పెట్టలేదు చేసినోళ్లు! కమ్మి కాల్చి నాలుగు బొక్కలు పెట్టి, వేన్నీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ కట్టినాం. ఐదో రోజు పాప 4 అని రాసింది. వానల్లో ఇప్పుడు గుప్పెడు కంటే ఎక్కువ పోయను.

పక్కన పెట్టిన మట్టి చట్టి మాత్రం ఇబ్బందే పెట్టలేదు, మధ్యలో రాయి పెడితే పికిలిపిట్టలు దానిమీద నిలబడి రెక్కలు తడుపుకుంటాయి. రోజూ నీళ్లు మార్చాల, లేదంటే దోమలు.

కొనొచ్చా అంటే, మాకు చెట్టుంది, పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి సరిపోయింది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అయితే పావురాలే నిండిపోతాయేమో, ముందు చట్టితో మొదలుపెట్టండి. మా బాబు అయితే ఈ ఎండలకి గోరింకలకి వేరే చట్టి కావాలని ఇప్పట్నుంచే అడగతా ఉండాడు.