పి.ఎం. పాలెంలో టెస్టా, టీ20నా?

టికెట్ డబ్బు గిట్టుబాటయిందా అన్నది బంతుల్లో లెక్కేస్తే వాదనకే తావులేదు. టీ20లో ఇరుజట్లకూ కలిపి 240 బంతులు. టెస్టులో ఒక్క రోజుకే 540. పైగా టెస్టు టికెట్టే సాధారణంగా చౌక. అయినా విశాఖపట్నంలోని పోతినమల్లయ్యపాలెం (పి.ఎం. పాలెం) క్రికెట్ స్టేడియానికి జనం ఎగబడేది టీ20కే. సాయంత్రం వెళ్లి, ఫలితం చూసి, రాత్రికి ఇల్లు చేరవచ్చు. పిల్లలు విసుగెత్తరు. స్టేడియం హోరు కూడా ప్రేక్షకులు డబ్బిచ్చి కొన్నదే. కాకపోతే మ్యాచ్ ఏకపక్షమైతే అంతా దండగే అనిపిస్తుంది.

టెస్టులో ఏ హామీ ఉండదు. ఎండలో గంటల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌పై ఇక్కడే బుమ్రా రివర్స్ స్వింగ్ యార్కర్‌తో (పాతబడ్డ బంతి మామూలుకు ఎదురుదిశలో వంగి, బ్యాటర్ కాళ్ల దగ్గర పడేది) ఒలీ పోప్ స్టంపులు ఎగరగొట్టాడు. టీవీలో అదొక బంతి. మైదానంలో మాత్రం బంతి పాతబడటం, ఫీల్డర్లు ఒకవైపే దాన్ని రుద్దుతుండటం, బ్యాటర్ తడబాటు, అన్నీ ముందునుంచే కనిపిస్తాయి. ఆ ఇన్నింగ్స్‌లో బుమ్రాకు 45 పరుగులకు 6 వికెట్లు. అంతకుముందు జైస్వాల్ 209 కొట్టాడు.

కుటుంబంతో అయితే టీ20. ఒంటరిగా, ఆట పిచ్చి ఉంటే టెస్టు రెండో రోజు; నీడ పడే స్టాండ్ చూసుకుని మరీ కొనండి.