వ్లోరా కొండల ఆలివ్ నూనె: కొన్నేళ్ల వాడకం తరువాత

జర్మనీలో స్థిరపడిన ఒక అల్బేనియా కుటుంబం తమ సొంత ప్రాంతమైన వ్లోరా నుంచి తెప్పించి అమ్మే ఆలివ్ నూనెను మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాము. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో చవకగా దొరికే చాలా సీసాల మీద అది పలు ఐరోపా దేశాల నూనెల మిశ్రమమని మాత్రమే రాసి ఉంటుంది. వీరి ఐదు లీటర్ల డబ్బా మీద కాయ రకం, కోసిన నెల, నూనె తీసిన ఊరు స్పష్టంగా కనిపిస్తాయి.

కాయ రకం పేరు కలిన్యోత్. వ్లోరా చుట్టుపక్కల తోటల్లో ఎక్కువగా పెరిగే ఈ కాయను ఊరబెట్టుకోవడానికీ, నూనె తీయడానికీ కూడా వాడతారు. కాయ పూర్తిగా నల్లబడకముందే కోసి, ఆలస్యం చేయకుండా మిల్లుకు చేర్చి, 27 డిగ్రీల సెల్సియస్ వేడి దాటకుండా తీసిన నూనె కావడం వల్ల కొత్త డబ్బా మూత తీయగానే పచ్చి టమాటా ఆకును నలిపినట్టు వాసన వస్తుంది. వేడి అన్నంలో కందిపొడి కలిపి ఈ నూనె ఒక చెంచాడు పోసుకుంటే, ముందు నాలుకకు సన్నని చేదు తగులుతుంది. ముద్ద దిగిన తరువాత గొంతులో చిన్న దగ్గు తెప్పించేంత ఘాటు మొదలవుతుంది. ఈ ఘాటుకు కారణం ఒలియోకాంతాల్ అనే పదార్థం. నూనె పాతబడుతున్న కొద్దీ అది తగ్గిపోతుంది కనుక, గొంతు పట్టడాన్ని తాజాదనానికి గుర్తుగానే తీసుకోవాలి. మా అత్తగారికి మొదట్లో ఈ చేదు గిట్టలేదు. ఇప్పుడు ఇడ్లీ కారప్పొడిలోకి ఆవిడే అడిగి మరీ వేయించుకుంటున్నారు. ఆవకాయకు మాత్రం మా ఇంట్లో పప్పునూనెనే వాడతాము. ఆ రుచిని ఇది ఇవ్వలేదు. గారెలు, బజ్జీలు వేయించడానికి ఇంత మంచి నూనెను మూకుడులో పోయడం కూడా నాకు ఇష్టం లేదు.

ధర ఐదు లీటర్లకు 60 యూరోలు. మామూలు సీసాల కంటే ఇది ఎక్కువే, కానీ ఆ డబ్బు ఎక్కడికి పోతున్నదో వీరు అడిగినవారికి దాచకుండా చెబుతారు. అల్బేనియాలో కమ్యూనిస్టు పాలన ముగిసిన తరువాత, 1991 నాటి చట్టంతో సహకార క్షేత్రాల భూమిని కుటుంబాలకు పంచారు. అందువల్ల నేటికీ చాలామంది రైతులవి చిన్న కమతాలే. లీటరు నూనెకు సుమారు ఐదారు కిలోల కాయ కావాలి, కొండవాలు మీద దానిని చేత్తో దులపాలి, పైగా ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు సరిగా కాయదు. ఇంత శ్రమ ఉన్న పంటను దళారి టోకున కొని పోగులో కలిపేస్తే రైతుకు దక్కేది తక్కువ. వీరు బంధువుల దగ్గరా, ఇరుగుపొరుగు తోటల వారి దగ్గరా నేరుగా కొని, కిలో కాయకు ఎంత ఇచ్చారో చెప్పి, రవాణా ఖర్చును విడిగా చూపిస్తారు. స్పెయిన్‌లో కరువు వచ్చి 2023లో ఐరోపా అంతటా ఆలివ్ నూనె ధరలు మండిపోయినప్పుడు కూడా వీరు కొద్దిగానే పెంచి, ఎందుకు పెంచారో కొనేవారికి రాసి పంపారు. ఆ లేఖ వల్లనే నాకు వీరి మీద పూర్తి నమ్మకం కుదిరింది.

లోపాలు లేకపోలేదు. వడకట్టని నూనె కావడంతో డబ్బా అడుగున మడ్డి చేరి, ఆఖరి అరలీటరు కాస్త ముక్కినట్టు అనిపిస్తుంది. పై నూనెను ముందే ముదురు రంగు సీసాల్లోకి ఒంపి, పొయ్యికి దూరంగా పెట్టుకోవాలి. ఆమ్లత పరీక్ష పత్రం డబ్బాతో రాదు, అడిగితేనే పంపుతారు. నాకు పంపిన పత్రంలో ఆమ్లత 0.3 శాతం ఉంది. ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే అత్యుత్తమ శ్రేణి, అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటకూడదు కాబట్టి, గర్వంగా చూపించుకోదగిన ఈ అంకెను వీరు డబ్బా మీదే ముద్రించాలని నా కోరిక.

కోత అక్టోబరులో మొదలై చలికాలంలోకి సాగుతుంది కనుక, కొత్త నూనె కావలసినవారు జనవరి ప్రాంతంలో తెప్పించుకోవడం మేలు. ఇద్దరే ఉండే ఇంటికి ఐదు లీటర్లు ఎక్కువ. మరో కుటుంబంతో కలిసి పంచుకుంటే ఘాటు తగ్గకముందే అయిపోతుంది.