ఓడ బయలుదేరే వేళ వేరు, మనం ఎక్కాల్సిన వేళ వేరు

సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి, మళ్ళీ సింగపూర్‌లో దిగే నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం మంచిదే. మా ఇంట్లో ఎవరూ ఓడను గురించి ఒక్క మాట అనలేదు. అన్నదంతా నెల్లూరు ట్రంకు రోడ్డులో మాకు ఆ ప్రయాణం అమ్మిన ట్రావెల్ ఏజెంటును, ఆయన తన లెటర్‌హెడ్ మీద వేసి ఇచ్చిన వేళల పట్టికను. ఆ పట్టికలో ఓడకు సంబంధించిన వేళలు ఉన్నాయే గాని ప్రయాణికుడికి పనికివచ్చే వేళ ఒక్కటీ సరిగ్గా లేదు. కుటుంబంతో, ముఖ్యంగా పెద్దవాళ్ళతో, మొదటిసారి ఓడ ఎక్కబోయేవారికి పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

బయలుదేరింది ఏడుగురం. మా అమ్మ, నేను, నా భార్య, మా అబ్బాయి నెల్లూరు నుంచి, అక్క, బావ, వాళ్ళమ్మాయి ఒంగోలు నుంచి. కిటికీ లేని గదులు మూడు తీసుకున్నాం. రేవు రుసుములతో కలిపి మనిషికి రూ.52,400 పడింది. ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు ఇందులో లేదు. అది మనిషికి రోజుకు 18 డాలర్ల పైచిలుకు, ఓడ దిగే ముందు వచ్చే బిల్లులో దానంతట అదే చేరిపోతుంది. ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి టెంపో ట్రావెలర్ టోల్‌గేట్లతో కలిపి రూ.9,500. పక్కనే కృష్ణపట్నం అంత పెద్ద రేవు పెట్టుకుని, ప్రయాణికుల ఓడ ఎక్కడానికి సముద్రం దాటి వెళ్ళవలసి వచ్చిందేమిటని బావ సూళ్ళూరుపేట దాకా సణుగుతూనే ఉన్నారు. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు పక్క సందులో తీసుకున్న హోటల్ గది రోజుకు 148 సింగపూర్ డాలర్లు. పెట్టె తెరిస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే పెట్టె మూయాలి. అయినా కిందికి దిగితే ఇడ్లీ దొరికే చోటు కాబట్టి అమ్మ దానికి పూర్తి మార్కులు వేసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి ఓడ తెల్లవారుజామున పాత ప్రయాణికులతో రేవుకు వస్తుంది. ఉదయం పది గంటల ప్రాంతానికి వాళ్ళందరినీ దింపి, గదులు శుభ్రం చేసి, సరుకులు ఎక్కించుకుని, అదే రోజు సాయంత్రం కొత్తవాళ్ళతో బయలుదేరుతుంది. వేలమంది ఒకేసారి వచ్చి పడకుండా ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసేటప్పుడే ఒక్కొక్కరికి అరగంట చొప్పున వేళ కేటాయిస్తారు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య వేళలు ముందుగా అయిపోతాయి, ఎందుకంటే ఓడలో అడుగు పెట్టిన క్షణం నుంచి భోజనం మన టిక్కెట్టులోనిదే. గది తాళం కాస్త ఆలస్యంగా ఇచ్చినా భోజనశాల మాత్రం తెరిచే ఉంటుంది. ఆ రోజు చివరి గడువు ఓడ బయలుదేరే వేళ కాదు. ఎవరెవరు ఎక్కారో ఆ జాబితాను ఓడ కదలకముందే అధికారులకు అప్పగించాలి కాబట్టి చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా బయలుదేరే వేళకు 60 నుంచి 90 నిమిషాల ముందే మూసేస్తారు. మా ఓడ బయలుదేరేది సాయంత్రం 5 గంటలకు, కౌంటరు మూసేది 3.30కి. ఏజెంటు పట్టికలో ఉన్నది మాత్రం 'రిపోర్టింగ్ 3 గంటలు, సింగపూర్ క్రూయిజ్ సెంటర్' అని.

సింగపూర్‌లో ఇలాంటి ప్రయాణికుల ఓడలు ఆగే టెర్మినళ్ళు రెండు. హార్బర్‌ఫ్రంట్ దగ్గర, సెంటోసా దీవికి ఎదురుగా ఉన్నది సింగపూర్ క్రూయిజ్ సెంటర్. మెరీనా సౌత్‌లో, 2012లో తెరిచినది మెరీనా బే క్రూయిజ్ సెంటర్ సింగపూర్. పాతదాని దగ్గర సెంటోసాకు వెళ్ళే కేబుల్ కారు తీగలు అడ్డం ఉండటం వల్ల 52 మీటర్లకు మించిన ఎత్తున్న ఓడలు అక్కడికి రాలేవు. కొత్త టెర్మినల్ కట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మా ఓడ పదహారు అంతస్తులది. ఓడలు అమ్ముకుని బతికే మనిషికి ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

హోటల్ నుంచి రెండు టాక్సీల్లో 2.15కి బయలుదేరి 2.35కి హార్బర్‌ఫ్రంట్ చేరాం. అక్కడ ఉన్నవి బాటమ్ దీవికి పోయే ఫెర్రీ కౌంటర్లు. పెట్టెలు దింపుకుని, అమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఓడ పేరు చెప్పి అడిగితే, కౌంటరులోని అమ్మాయి తల అడ్డంగా ఊపి, మీ ఓడ ఇక్కడికి రాదు, మెరీనా బేకు వెళ్ళండి, అక్కడ 3.30కి మూసేస్తారు అని చెప్పింది. ఏజెంటుకు ఫోను చేశాం. ఆదివారం కాబట్టి ఎత్తలేదు. ఆయన మాకు వాట్సాప్‌లో పంపిన బోర్డింగ్ పాసులు పేర్లు, బార్‌కోడ్ మాత్రం కనిపించేలా కత్తిరించిన ఫోటోలు. వాటిలో టెర్మినల్ పేరు గాని, వేళ గాని లేవు. టాక్సీ వరుస చాంతాడంత ఉంది. ఏడుగురం, తొమ్మిది పెట్టెలు. మా అబ్బాయి మెట్రోలో పోదామన్నాడు. మెరీనా సౌత్ పియర్ స్టేషన్ ఆ టెర్మినల్‌కు నడిచిపోయే దూరంలోనే ఉన్న మాట నిజమే గాని, మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో దారిలో రైలు మారడం కుదిరే పని కాదు. చివరికి రెండు టాక్సీలు దొరికి, రెండోది మెరీనా బే చేరేసరికి 3.22. ఆ దారిలో అక్క ఒక్క మాట మాట్లాడలేదు. అక్క మాట్లాడలేదంటే ఏమిటో బావకు తెలుసు, అందుకే ఆయనా మాట్లాడలేదు.

పాసులు స్కాన్ చేసిన అమ్మాయి తెరను మా వైపు తిప్పి చూపించింది. ఏజెంటు మా పేరిట తీసుకున్న వేళ మధ్యాహ్నం 12.30 నుంచి 1 గంట వరకు. తానే ఎంచిన వేళను తానే చూసుకోకుండా మాకు మూడని రాసిచ్చాడన్నమాట. మేము పైకి వెళ్ళేసరికి బఫేలో మధ్యాహ్న భోజనం తీసేస్తున్నారు. ఏడుగురి భోజనం పోయి, ఐస్‌క్రీం మిగిలింది.

టెర్మినల్ సిబ్బంది గురించి మాత్రం ఎంత మంచిగా చెప్పినా తక్కువే. అమ్మను చూసి అడగకుండానే ఒకామె వీల్‌ఛైర్ తెచ్చి, వేరే దారిన ఇమిగ్రేషన్ దాటించి, ఓడ వంతెన మీదుగా లిఫ్టు దాకా దిగబెట్టింది. టిప్పు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నియమం ప్రకారం వీల్‌ఛైర్ కావాలని బుకింగ్ సమయంలోనే రాయించాలి. పెద్దవాళ్ళుంటే రాయించండి. పెద్ద పెట్టెలకు గది నంబరు చీటీలు కట్టి టెర్మినల్ బయటే కూలీలకు అప్పగించాలి. అవి గది ముందుకు వచ్చేసరికి మాకు రాత్రి ఏడున్నర అయింది. అందుచేత బీపీ, షుగరు మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఓడలోకి రానివ్వరు. బావ తెచ్చిన బోర్డును సిబ్బంది తీసుకుని చీటీ రాసిచ్చి, దిగే రోజు తిరిగి ఇచ్చారు. సీలు వేసిన మలై కాజా డబ్బాను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఓడ ఎక్కాక మొదటి పని ప్రమాద సమయంలో చేరవలసిన చోటుకు వెళ్ళి హాజరు వేయించుకోవడం. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగిన తరువాత ఈ అభ్యాసాన్ని ఓడ బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే, పూర్తి చేయాలన్న నిబంధన వచ్చింది. దీన్ని తప్పించుకోవాలని చూసేవారి పేర్లు మైకులో చదువుతారు. ఆ జాబితాలో మన పేరు వినడం అంత గౌరవంగా ఉండదు.

పెనాంగ్‌లో పట్టికకూ వాస్తవానికీ తేడా తక్కువ. చేరే వేళ మధ్యాహ్నం 1 గంట అని ఉంటే 1.40కి నేల మీద ఉన్నాం. ఓడ కట్టాక స్థానిక అధికారుల అనుమతి వచ్చి, వంతెన వేసి, వరుస కదలడానికి ఆ నలభై నిమిషాలు న్యాయమే. స్వెటెన్‌హామ్ రేవు జార్జ్‌టౌన్ ఊరి నడిబొడ్డునే ఉంటుంది. గేటు దాటగానే విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్ళు నిండినందుకు అరవై అడుగుల ఎత్తున కట్టిన గడియార స్తంభం, దాని పక్కన కార్న్‌వాలిస్ కోట. అక్కడ టూరు కొనడం శుద్ధ దండగ. నెమ్మదిగా నడిచినా పావుగంటలో లిటిల్ ఇండియా వస్తుంది, క్వీన్ స్ట్రీట్‌లో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి వస్తుంది. అమ్మ కోసం మాత్రం 10 రింగిట్లకు కారు మాట్లాడాం. ఆ గుడి దగ్గరలోని ఒక చిన్న హోటల్‌లో అరటాకు వేసి అన్నం, సాంబారు, రెండు కూరలు, రసం, అప్పడం పెట్టారు, ఆకుకు 12 రింగిట్లు. విడిగా తెచ్చిన చేప ముక్క పులుసులో చింతపండు సరిగ్గా పడింది. నెల్లూరువాళ్ళకు చేపల పులుసు మీద బయటివాళ్ళను మెచ్చుకునే అలవాటు లేదు. అమ్మ మాత్రం రెండోసారి వేయించుకుని, వంటింటి దాకా వెళ్ళి, చూడకుండా రానని చెప్పి వండినావిడను చూసి వచ్చింది. ఓడలో అంతకు ముందు రాత్రి తిన్న ఏడు రకాల భోజనం ఎవరికీ గుర్తు లేదు. ఓడ రాత్రి 9కి బయలుదేరుతుంది, 8కల్లా లోపల ఉండాలి. మేము 7కే వెనక్కి వచ్చాం.

ఫుకెట్ సంగతి పూర్తిగా వేరు. పట్టికలో 'ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు' అని ఉంది. ఎనిమిదికి ఓడ వచ్చిన మాట నిజమే, కాని వచ్చింది పటాంగ్ తీరం ఎదుటి సముద్రంలోకి, ఒడ్డుకు కాదు. అక్కడ ఇంత పెద్ద ఓడ కట్టడానికి రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే, టెండర్లనే చిన్న పడవల్లో జనాన్ని విడతలు విడతలుగా ఒడ్డుకు చేరుస్తారు. ఓడవాళ్ళ దగ్గర టూరు కొన్నవారు ముందు, తక్కినవాళ్ళు నంబరు చీటీ తీసుకుని హాలులో కూర్చోవాలి. పడవలోకి అడుగు వేయలేనివారిని ఎక్కించుకోరు కాబట్టి అమ్మ ఓడలోనే ఉండిపోయింది. దీనికి తోడు మరొక చిక్కు. సింగపూర్, మలేషియా గడియారాలు ఒకటే, థాయిలాండ్ వాటికి గంట వెనుక. మా ఓడ సింగపూర్ వేళనే పాటించింది. మేము ఒడ్డు చేరేసరికి ఓడ గడియారం 10.20, ఫుకెట్ గడియారం 9.20. ఏజెంటు మాకు మనిషికి రూ.2,800 చొప్పున, పడవ ఎక్కలేని అమ్మతో సహా ఏడుగురికీ రూ.19,600కు అమ్మిన ఫాంగ్ నా దీవుల టూరుకు బండి రావలసింది ఫుకెట్ వేళ 8.30కి. ఓడ లంగరు వేస్తుందనీ, ఒడ్డు చేరడానికి గంటలు పడుతుందనీ తెలిసిన ఎవరైనా ఆ వేళ పెడతారా? బండి వెళ్ళిపోయింది. రానివాళ్ళకు డబ్బు తిరిగి ఇవ్వరని ఫోనులో చెప్పారు. ఓడవాళ్ళ టూరు ఖరీదు ఎక్కువైనా, అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయటి టూరు ఆలస్యమైతే ఆగదు. పెనాంగ్‌లో బయట తిరగండి, ఫుకెట్‌లో ఓడవాళ్ళ దగ్గరే కొనండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అప్పటికప్పుడు 1,800 బాట్లకు వ్యాను మాట్లాడి చాలోంగ్ బౌద్ధ ఆలయం చూసి వచ్చాం. తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి ఫోను చూసి ఇంకా మూడు నలభయ్యే అయిందని కొబ్బరినీళ్ళ దగ్గర కూర్చోబోయాడు. అక్క చేతి గడియారం మాత్రం ఓడ వేళకు పెట్టి ఉంది, దానిలో 4.40. చివరి పడవ 5 గంటలకు. ఫోను దగ్గరి టవరు చెప్పే వేళను దానంతట అదే చూపిస్తుంది గనుక, ఒడ్డుకు దిగే రోజున ఒక మామూలు గడియారాన్ని ఓడ వేళకు పెట్టుకోవడం తప్పనిసరి. మరొకటి, నైరుతి రుతుపవనాల నెలల్లో ఆ తీరాన అలలు పెద్దవిగా ఉండి పడవలు నడవని రోజులుంటాయి. డిసెంబరు నుంచి మార్చి లోపల వెళ్ళడం మేలు.

సింగపూర్‌కు తిరిగి చేరడం అంటే కొత్తగా దేశంలోకి ప్రవేశించడమే. వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికివచ్చేదో కాదో బయలుదేరకముందే చూసుకోవాలి. సింగపూర్‌లో ప్రవేశించేవారు ఆన్‌లైన్‌లో నింపే ఎస్‌జీ అరైవల్ కార్డును మళ్ళీ నింపాలి. చేరే రోజును కలుపుకుని మూడు రోజుల లోపల మాత్రమే దాన్ని తీసుకుంటారు కాబట్టి, మా వరుసలో పెనాంగ్‌లో నింపితే తొందర, ఫుకెట్‌లో నింపితే సరిపోతుంది. ఓడలో ఇంటర్నెట్టు ఖరీదైనది. ఈ కార్డు పూర్తిగా ఉచితం. మొదటిసారి దానికి ఏజెంటు మనిషికి రూ.500 తీసుకున్నాడు, రెండోసారి నింపాలన్న సంగతి చెప్పనే లేదు. చెప్పింది మా పక్క గదిలోని కోయంబత్తూరు దంపతులు.

చివరి రాత్రి పదకొండు లోపల పెట్టెలు గది బయట పెడితే, పొద్దున టెర్మినల్‌లో చీటీ రంగును బట్టి దొరుకుతాయి. మోసుకోగలిగినవాళ్ళు పెట్టెలతో నేరుగా ముందే దిగిపోవచ్చు. ఓడ ఉదయం 7కి రేవుకు చేరింది, మేము బయటపడేసరికి 9.10. విమానం మధ్యాహ్నం రెండు తరువాతది తీసుకుంటే కంగారు ఉండదు. మాది సాయంత్రానిది, ఏ ఇబ్బందీ కలగలేదు.

నెల్లూరు వచ్చాక పట్టిక పట్టుకుని ట్రంకు రోడ్డుకు వెళ్ళాం. అరైవల్ కార్డుల రూ.3,500 కాసేపు వాదించాక తిరిగి ఇచ్చాడు. ఫుకెట్ టూరు డబ్బు సంగతి అక్కడి వాళ్ళనే అడగమన్నాడు. ఆ రూ.19,600 కోసం మా బావ ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు, ఆ దుకాణం తెరిచే వేళకు, ఒంగోలు నుంచి ఫోను చేస్తూనే ఉన్నారు.